మందుల దుకాణం ఒక అమానత్

(ఫార్మసీ విద్యార్థులు, మందుల దుకాణదారులు, బస్తీ పెద్దలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన హక్కుల గురించి జరిగే సభలలో విద్య, ఉద్యోగాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, భద్రత అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. అవన్నీ అవసరమైనవే. కాని ప్రతి బస్తీలో, ప్రతి మండల కేంద్రంలో, మసీదు వీధి మలుపులో రాత్రి పొద్దుపోయేదాకా దీపం వెలిగే ఒక చోటు ఉంది. అది మందుల దుకాణం. అక్కడ జరిగే మేలును గాని కీడును గాని మనం హక్కుల లెక్కలో చేర్చుకోవడం లేదు. పేదవాడికి జబ్బు చేస్తే అతడు మొదట వెళ్ళేది ఆసుపత్రికి కాదు. డాక్టరు ఫీజు, ఆటో చార్జీ, పోగొట్టుకునే ఒక రోజు కూలి, ఈ మూడూ కూడుకొని అతడిని ముందుగా మెడికల్ షాపు మెట్టు ఎక్కిస్తాయి. కాబట్టి ఆ మెట్టు మీద అతనికి ఎదురయ్యే మనిషి ఎవరు, ఆ మనిషికి ఏమి తెలుసు, ఏమి చెబుతాడు అన్నది ఆరోగ్య హక్కుకు సంబంధించిన ప్రశ్నే. వృత్తిరీత్యా ఫార్మసిస్టులమైన మేము ఈ రోజు ఆ ప్రశ్ననే మీ ముందు ఉంచదలచాము.

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదికను మనం విద్య, ఉద్యోగాల సందర్భంలోనే ఎక్కువగా ప్రస్తావిస్తాము. ముస్లిం జనాభా అధికంగా ఉన్న గ్రామాలలో వైద్య సదుపాయాల కొరతను కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది. ఎక్కడ వైద్యశాల దూరమైతే అక్కడ మందుల దుకాణమే వైద్యశాల అవుతుంది. అటువంటి చోట దుకాణం బాగుంటే బస్తీ బాగుంటుంది. దుకాణం చెడితే దాని ఫలితం ముందుగా మన ఇళ్ళలోనే కనిపిస్తుంది.

వర్తకమా, వృత్తా?

ఔషధాన్ని వేరొక శాస్త్రంగా, ఔషధం ఇచ్చేవానిని వేరొక వృత్తినిపుణునిగా గుర్తించడం మన చరిత్రకు కొత్త కాదు. 9వ శతాబ్దపు బాగ్దాదు నగరంలో ఔషధ విక్రయం వైద్యుని గది నుంచి వేరుపడి స్వతంత్ర వృత్తిగా రూపుదిద్దుకున్నది. బజారును తనిఖీ చేసే ముహ్‌తసిబ్ తూకాలతో పాటు ఔషధాలలోని కల్తీని కూడా పరిశీలించేవాడు. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ ఔషధ శాస్త్రంపై కితాబుస్సైదన అనే ప్రత్యేక గ్రంథమే రచించాడు. ఔషధం సాధారణ సరుకు కాదని, దాన్ని ఇచ్చేవాడు జవాబుదారీ వహించవలసినవాడని ఆనాటి సమాజం గ్రహించింది.

నేటి మన చట్టం చెప్పేదీ అదే. 1940 నాటి ఔషధాల చట్టం, దాని కింద 1945లో వచ్చిన నియమాలు, 1948 నాటి ఫార్మసీ చట్టం, ఈ మూడింటి సారాంశం ఒక్కటే. డాక్టరు చీటీపై ఇచ్చే మందు రిజిస్టరైన ఫార్మసిస్టు చేతి మీదుగా గాని, అతని ప్రత్యక్ష పర్యవేక్షణలో గాని రోగికి చేరాలి. ఆ చట్టాన్ని ఉల్లంఘించడం శిక్షార్హమైన నేరం. 2015లో భారత ఫార్మసీ కౌన్సిల్ తెచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు మరొక అడుగు ముందుకు వేశాయి. మందు చేతికిచ్చి డబ్బు తీసుకోవడంతో ఫార్మసిస్టు పని ముగియదని, దాన్ని ఎలా వాడాలో, దేనితో కలిపి వాడకూడదో, ఏ లక్షణం కనబడితే డాక్టరు వద్దకు వెళ్ళాలో రోగికి వివరించడం అతని విధి అని అవి స్పష్టం చేశాయి.

చట్టం ఇంత స్పష్టంగా ఉండగా మన వీధిలో కనిపించే దృశ్యం వేరు. ఆ తేడా నుంచే ఈ వృత్తి ఎదుర్కొంటున్న సవాళ్ళు పుడుతున్నాయి.

గోడకు వేలాడే సర్టిఫికెట్టు

మొదటి సవాలు బయటి నుంచి వచ్చినది కాదు. అనేక దుకాణాలలో గోడకు ఒక సర్టిఫికెట్టు వేలాడుతూ ఉంటుంది. దాని మీది ఫోటోలోని వ్యక్తి మాత్రం దుకాణంలో ఉండడు. అతడు ఏ కంపెనీలోనో ఉద్యోగం చేస్తూ ఉంటాడు, లేదా గల్ఫ్ దేశంలో ఉంటాడు. నెలకు ఇంత అని అద్దె పుచ్చుకొని తన పేరును దుకాణానికి ఇచ్చి ఉంటాడు. కౌంటరు వెనుక నిలబడేది పదవ తరగతితో చదువు ఆపేసిన కుర్రవాడు. ఆ కుర్రవాడు చురుకైనవాడే, ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకొని చెప్పగలడు. కాని రక్తం పలుచబరిచే మందు వాడుతున్న వృద్ధునికి నొప్పి మాత్ర ఇస్తే కడుపులో రక్తస్రావం కావచ్చునని అతనికి ఎవరూ నేర్పలేదు.

ఈ అద్దె వ్యవహారాన్ని చాలామంది చిన్న సర్దుబాటుగా భావిస్తారు. తాను పనిచేయని దుకాణానికి తన రిజిస్ట్రేషన్‌ను వాడుకోనివ్వడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. దాని వల్ల రిజిస్టరు నుంచి పేరు తొలగిపోయే ప్రమాదం ఉంది. చట్టం సంగతి అలా ఉంచి, ఇందులోని నైతిక ప్రశ్నను చూడండి. రోగి ఆ గోడను చూసి నమ్మకంతో చేయి చాచాడు. ఆ నమ్మకాన్నే మన పెద్దలు అమానత్ అన్నారు. అమానత్‌ను అద్దెకు ఇచ్చే అధికారం ఎవరికీ లేదు.

దీని మూలం పేదరికంలోనూ ఉంది. అర్హత గల ఫార్మసిస్టుకు న్యాయమైన జీతం ఇచ్చే స్తోమత చిన్న దుకాణదారుకు ఉండదు. చదువుకున్న యువకునికి ఆ జీతంతో ఇల్లు గడవదు. అందువల్ల ఇద్దరూ కాగితంతో సరిపెట్టుకుంటారు. దీనికి విరుగుడు ఫార్మసిస్టే దుకాణ యజమాని కావడం. రెండేళ్ళ డిప్లొమా చదివిన యువకుడు తన పేరును అద్దెకు ఇవ్వడానికి బదులు ఆ పేరు మీదనే దుకాణం తెరవగలిగిన రోజున ఈ జాడ్యం దానంతట అదే తగ్గుతుంది. ఆ మార్గాన్ని గురించి కొంతసేపటి తరువాత మాట్లాడుకుందాము.

రెండు రోజుల యాంటీబయాటిక్

రెండవ సవాలు యాంటీబయాటిక్ మందులు. జ్వరమో గొంతునొప్పో రాగానే దుకాణానికి వెళ్ళి పేరు చెప్పి మాత్రలు అడగడం మనకు అలవాటైపోయింది. స్ట్రిప్పులో కత్తిరించి నాలుగు మాత్రలు కొంటాము. రెండు రోజులలో నెమ్మదించగానే మిగిలినవి అటక మీద పెడతాము, లేదా మరొకరికి ఇస్తాము. జలుబుకు, సాధారణ ఫ్లూ జ్వరానికి కారణం వైరస్. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. అనవసరంగా వాడిన ప్రతిసారీ శరీరంలోని బాక్టీరియాకు ఆ మందును తట్టుకునే శిక్షణ ఇచ్చినట్టే అవుతుంది. రేపు ప్రసవ సమయంలోనో, శస్త్రచికిత్స సమయంలోనో నిజంగా అవసరమైనప్పుడు అదే మందు పనిచేయకపోతే ఆ నష్టం డబ్బుతో పూడ్చుకోలేనిది.

ఈ ప్రమాదాన్ని గుర్తించే ప్రభుత్వం 2013లో షెడ్యూల్ హెచ్1 అనే కొత్త జాబితాను ప్రకటించి, 2014 మార్చి 1 నుంచి అమలులోకి తెచ్చింది. మొదట అందులో 46 మందులు చేరాయి. కొన్ని శక్తివంతమైన యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, మత్తుకు అలవాటు చేసే కొన్ని మందులు అందులో ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడు రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయాలి. ఆ రిజిస్టరును మూడేళ్ళు భద్రపరచాలి. 2016లో ప్రజలకు సులభంగా అర్థమయ్యేలా ఎరుపు గీత ప్రచారం మొదలయింది. స్ట్రిప్పు వెనుక నిలువుగా ఎర్రని గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు అని అర్థం. అక్షరజ్ఞానం లేని తల్లి కూడా ఆ గీతను గుర్తుపట్టగలదు. ఈ ఒక్క విషయాన్ని ప్రతి ఇంటికీ చేర్చినా గొప్ప మేలు జరుగుతుంది.

క్షయ గురించి విడిగా చెప్పాలి. ఇరుకు ఇళ్ళు, గాలి ఆడని కార్ఖానాలు, చాలీచాలని తిండి ఉన్న చోట ఈ వ్యాధి నిలుస్తుంది. మన బస్తీలలో ఈ మూడూ ఉన్నాయి. మామూలు క్షయకు కూడా కనీసం ఆరు నెలల చికిత్స అవసరం. నెల రోజులలో దగ్గు తగ్గిందని మానేస్తే మొండి క్షయ పుట్టుకొస్తుంది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన గెజిట్ ప్రకారం క్షయ మందులు అమ్మే దుకాణదారు కూడా రోగి వివరాలను ఆరోగ్య శాఖకు తెలియజేయాలి. దీన్ని పోలీసు ఫిర్యాదులా భయపడనవసరం లేదు. నమోదైన రోగికి ఉచిత మందులు, పోషకాహారం కోసం నెలనెలా నగదు సహాయం లభిస్తాయి. 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన ఆ సహాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలకు పెంచారు. వరుసగా దగ్గు మందు కొంటూ రెండు వారాలు దాటిన మనిషిని గుర్తుపట్టి, కఫం పరీక్షకు వెళ్ళమని మొదట చెప్పగలవాడు దుకాణంలోని ఫార్మసిస్టే.

బిల్లు ఎందుకు?

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లా నుంచి వచ్చిన వార్త దేశాన్ని కలచివేసింది. దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని మరణించారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48 శాతానికి మించి ఉన్నట్టు పరీక్షలో తేలింది. అనుమతించిన పరిమితి 0.1 శాతం మాత్రమే. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో 60కి పైగా పిల్లలు మరణించినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో తయారైన నాలుగు సిరప్‌లపై హెచ్చరిక జారీచేసిన సంగతి మనకు గుర్తే. ఛింద్వారా ఘటన తరువాత రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వాడవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ సిరప్ ఫలానా బ్యాచ్ వాడవద్దని ప్రజలను హెచ్చరించింది.

ఆ హెచ్చరికలోని ముఖ్యమైన మాట బ్యాచ్. ఒక కంపెనీ చేసిన ఒకే మందులో ఒక బ్యాచ్ విషం కావచ్చు, మరొకటి కాకపోవచ్చు. మీ ఇంట్లో సగం వాడిన సీసా ఏ బ్యాచ్‌దో మీకు చెప్పేది సీసా మీది ముద్ర, బిల్లు, ఈ రెండే. సీసా మీది కాగితం చిరిగిపోతే మిగిలేది బిల్లు. దుకాణదారు బిల్లు ఇచ్చి, దాని నకలు ఉంచుకొని, ఫోను నంబరు రాసుకుంటే, హెచ్చరిక వచ్చిన గంటలోనే ఆ మందు కొన్న ఇళ్ళకు కబురు పంపగలడు. బిల్లు లేని చోట ఎవరికి కబురు పంపాలో అతనికే తెలియదు. మనం బిల్లు అంటే పన్ను వ్యవహారమని, అడిగితే దుకాణదారును అనుమానించినట్టని మొహమాటపడతాము. బిల్లు బిడ్డకు రక్షణ పత్రం. అడగడం హక్కు, ఇవ్వడం విధి.

2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండుల మందుల మీద క్యూఆర్ కోడ్ ముద్రించాలనే నిబంధన కూడా వచ్చింది. ఫోనుతో దాన్ని చూస్తే మందు పేరు, తయారీదారు, బ్యాచ్, గడువు తేదీ తెలుస్తాయి. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఈ పని చేసిపెట్టవచ్చు.

చిన్న కౌంటరు, పెద్ద పోటీ

ఇక దుకాణదారుల కష్టాన్ని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. అవసరమైన మందుల జాతీయ జాబితాలో ఉండి ధరల నియంత్రణకు లోబడిన మందులపై చిల్లర వర్తకునికి 2013 నాటి ధరల ఉత్తర్వు అనుమతించిన లాభం 16 శాతం. అందులోంచే అద్దె, కరెంటు, జీతాలు, గడువు దాటి వృథా అయిన సరుకు నష్టం భరించాలి. ఎదురుగా ఒక గొలుసు దుకాణం 20 శాతం తగ్గింపు బోర్డు పెడుతుంది. అది వేల దుకాణాల కోసం ఒకేసారి కొంటుంది కాబట్టి దానికి అది సాధ్యం. ఫోనులో యాప్ అంతకంటే ఎక్కువ తగ్గింపు చూపుతుంది.

ఆన్‌లైన్ విక్రయం విషయంలో చట్టం ఇంకా తేలలేదు. 2018 ఆగస్టులో కేంద్రం ముసాయిదా నియమాలు ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో లైసెన్సు లేని ఆన్‌లైన్ విక్రయాలను ఆపాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2020 మార్చిలో కోవిడ్ సమయాన లైసెన్సు గల దుకాణాలు ఇంటికి మందులు చేర్చడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఈ అనిశ్చితిలో చిన్న దుకాణదారు ఆందోళన చెందడం సహజమే. కాని ధర మీద పోరాడితే అతడు ఓడిపోతాడు. యాప్ ఇవ్వలేనిది, అతడు ఇవ్వగలిగినది ఒకటి ఉంది. అది పరిచయం. తల్లికి షుగరు, తండ్రికి బీపీ, కోడలు గర్భవతి అని ఎరిగిన మనిషి ఇచ్చే సలహా ఏ తగ్గింపు కన్నా విలువైనది. ఆ పరిచయాన్ని వృత్తిజ్ఞానంతో కలిపితే చిన్న కౌంటరు నిలుస్తుంది. పరిచయం ఉండి జ్ఞానం లేకపోతే మాత్రం అదే పరిచయం ప్రమాదకరం. అడిగిన మత్తు మాత్రను, బరువు పెరగడానికని, రంగు తేలడానికని అడిగిన స్టెరాయిడ్ మందును మొహమాటానికి ఇచ్చేది పరిచయస్తుడే. ముఖానికి పూసుకొనే అనేక స్టెరాయిడ్ క్రీములను 2018లో చీటీపై మాత్రమే అమ్మవలసిన జాబితాలో చేర్చారు. నెలల తరబడి పూసుకుంటే చర్మం పలుచబడి, ఎర్రబడి, మానేస్తే మరింత మంట పుట్టిస్తుంది. పెళ్ళిచూపుల కోసం తెల్లబడాలని మన ఆడపిల్లలు వీటిని వాడుతున్న సంగతి ఇళ్ళలో అందరికీ తెలుసు.

రంజాన్‌కు ముందు ఒక మాట

ఇప్పుడు అవకాశాల సంగతి. మన సముదాయానికి అన్నిటికంటే దగ్గరైన అవకాశం రంజాన్ నెల. మధుమేహం ఉన్నవారు ఎందరో ఉపవాసం ఉండాలని ఆశిస్తారు. డాక్టరు దగ్గర ఆ సంగతి ఎత్తడానికి సంకోచించి, తామే మాత్రలు మానేస్తారు, లేదా ఉదయపు మాత్రను సహరీలో, రాత్రి మాత్రను ఇఫ్తార్‌లో వేసుకుంటారు. ఇది అన్ని మందులకూ సరిపోదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి మాత్రం మధ్యాహ్నం తరువాత షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గందరగోళం కనిపిస్తే అది నీరసమని పడుకోబెట్టకూడదు.

మధుమేహ నిపుణులు చెప్పేది ఇది. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి మందుల మోతాదు, వేళలు మార్పించుకోవాలి. ఉపవాసంలో కూడా వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగరు చూసుకోవాలి. 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు, ఇన్సులిన్ వాడే గర్భిణులు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. రోగికి ధర్మమే సడలింపు ఇచ్చిందన్న మాటను ఆలిములు మసీదులో చెప్పాలి. ఎవరికి ఎంత ప్రమాదమో డాక్టరు చెప్పాలి. ఈ ఇద్దరి మధ్య వారధిగా నిలబడగలవాడు ఫార్మసిస్టు. షాబాన్ నెలలో షుగరు మందు కొనడానికి వచ్చిన ప్రతి మనిషిని "ఉపవాసం ఉంటారా? డాక్టరును అడిగారా?" అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు, ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి.

ఉబ్బసం ఇన్‌హేలర్, కంటి చుక్కలు, జెలటిన్ గొట్టపు మందు, సిరప్‌లోని ఆల్కహాలు, ఇటువంటి సందేహాలు కూడా మన దుకాణాలకే వస్తాయి. వీటిలో ధర్మనిర్ణయం ఫార్మసిస్టు పని కాదు. మందులో ఏమి ఉందో నిజం చెప్పడం, అదే మందు మాత్రగా దొరుకుతుందేమో వెదకడం, డాక్టరును అడిగి మార్పించడం, ఆలింను సంప్రదించమని చెప్పడం అతని పని. ఏ సందేహంతోనైనా రోగి తనంతట తాను మందు మానేయకుండా చూడడం అన్నిటికంటే ముఖ్యం.

భాష, స్త్రీలు

మందు పెట్టె మీది అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. పాతబస్తీలోని అమ్మకు ఉర్దూ వస్తుంది. కర్నూలు, కడప, గుంటూరు ప్రాంతాల ముస్లిం ఇళ్ళలో ఉర్దూ మాట్లాడినా చదివేది ఎక్కువగా తెలుగే. దూదేకుల కుటుంబాల మాతృభాషే తెలుగు. రోగికి అర్థమయ్యే భాషలో "ఉదయం, తిన్న తరువాత" అని కవరు మీద రాసి ఇవ్వడానికి ఖర్చు లేదు. చదువురాని వారికి సూర్యుని బొమ్మ, చంద్రుని బొమ్మ గీసినా చాలు. ఇన్సులిన్ కొన్న వారింట్లో ఫ్రిజ్ ఉందా అని అడగాలి. తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టి కుండలో చల్లగా భద్రపరచుకునే పద్ధతి చెప్పాలి. ఎండలో ఉన్న ఇన్సులిన్ చూడటానికి మారకపోయినా దాని శక్తి తగ్గిపోతుంది. అది తెలియని రోగి "మందు వాడినా షుగరు తగ్గలేదు" అని మోతాదు పెంచుకుంటాడు.

స్త్రీల విషయంలో మరింత ఆలోచించాలి. బురఖాలో వచ్చిన సోదరి నెలసరి సమస్యనో, కుటుంబ నియంత్రణ మాత్రనో, పాలిచ్చే వేళ వాడదగిన మందునో నలుగురు మగవాళ్ళు నిలబడ్డ కౌంటరు ముందు ఎలా అడగగలదు? ఆమె ఒక కాగితం ముక్క మీద మందు పేరు రాసి, పదేళ్ళ కొడుకును పంపుతుంది. ఆ పిల్లవాడిని ఎవరు ప్రశ్నించగలరు? ప్రతి బస్తీలో ఒక మహిళా ఫార్మసిస్టు ఉంటే ఈ మౌనం తొలగుతుంది. నేడు ఫార్మసీ కళాశాలలలో మన ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. పెళ్ళయ్యాక ఆ పట్టా బీరువాలోకి వెళ్ళిపోతున్నది. ఇంటికి దగ్గరలో, పగటివేళ, గౌరవంగా చేసుకోగలిగిన పని ఇది. ఆ పట్టాను బయటకు తీయించవలసిన బాధ్యత తండ్రులది, భర్తలది, అత్తలది.

దారులు

ఇంటర్‌లో సైన్సు చదివినవారికి డి.ఫార్మసీ రెండేళ్ళు, బి.ఫార్మసీ నాలుగేళ్ళు, 2008లో మన దేశంలో మొదలైన ఫార్మ్.డి. ఆరేళ్ళు. బి.సి.-ఇ వర్గానికి 4 శాతం రిజర్వేషన్ ప్రవేశాలలో వర్తిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హతలను సకాలంలో చూసుకోవాలి. డి.ఫార్మసీ విద్యార్థులు 500 గంటల శిక్షణను కాగితం మీద పూర్తిచేసి సంతకాలు పుచ్చుకోకుండా, నిజంగా దుకాణంలో నిలబడి నేర్చుకోవాలి. గల్ఫ్‌కు వెళ్ళదలచిన వారికి కూడా అక్కడి లైసెన్సు పరీక్షలలో అడిగేది ఈ జ్ఞానమే.

సొంత దుకాణం పెట్టదలచిన యువకులకు 2008లో మొదలైన జన ఔషధి పథకం ఒక దారి. 2025 నాటికి దేశంలో ఈ కేంద్రాలు 15,000 దాటాయి. 120 చదరపు అడుగుల స్థలం, ఫార్మసిస్టు, లైసెన్సు ఉంటే దరఖాస్తు చేయవచ్చు. అమ్మకంపై 20 శాతం లాభంతో పాటు ప్రోత్సాహకం కూడా ఉంది. రోగికి అదే మందు బ్రాండు ధరలో సగం కన్నా తక్కువకు దొరకడం సాధారణం. జీవితాంతం బీపీ, షుగరు మందులు కొనవలసిన కుటుంబానికి ఇది నెలనెలా మిగులు. ధర తక్కువైతే నాణ్యత తక్కువని భయపడేవారు ఉన్నారు. కాబట్టి కేంద్రాలలో ఫార్మసిస్టు ఓపికగా వివరించాలి, సరుకు అయిపోకుండా చూసుకోవాలి. మందు లేదన్న మాట రెండుసార్లు విన్న రోగి మూడవసారి రాడు. హైదరాబాదులో 2018 నుంచి పనిచేస్తున్న బస్తీ దవాఖానాలలో ఉచితంగా దొరికే మందులేవో తెలుసుకొని, కొనలేని రోగిని అక్కడికి పంపడం కూడా ఫార్మసిస్టు గౌరవాన్ని పెంచుతుందే గాని తగ్గించదు.

మా విన్నపం

చివరగా ఒక్కొక్కరికి ఒక్కొక్క విన్నపం చేసి ముగిస్తాము.

దుకాణదారులకు: అర్హుడైన ఫార్మసిస్టును కూర్చోబెట్టండి. బిల్లు ఇవ్వండి. హెచ్1 రిజిస్టరును తనిఖీ అధికారి కోసం కాక మీ బస్తీ కోసం రాయండి. ఇవ్వకూడని మందును ఇవ్వనని చెప్పడం వల్ల ఒక గిరాకీ పోవచ్చు, ఒక కుటుంబం నమ్మకం మిగులుతుంది.

విద్యార్థులకు: మీ పేరును అద్దెకు ఇవ్వకండి. అది మీ తల్లిదండ్రుల కష్టార్జితంతో సంపాదించినది, రోగుల నమ్మకంతో నిలిచేది.

కుటుంబాలకు: చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడగకండి. మొదలుపెట్టినది డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి. బిల్లు, మందు కవరు దాచుకోండి. పన్నెండేళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వకూడదని 2011లోనే ప్రభుత్వం నిషేధించిన సంగతి గుర్తుంచుకోండి. పెద్దల మాత్రను సగం విరిచి పిల్లలకు ఇవ్వకండి.

మసీదు కమిటీలకు, కార్యకర్తలకు: రంజాన్‌కు ముందు ఒక శుక్రవారం డాక్టరును, ఫార్మసిస్టును పిలిచి పది నిమిషాలు మాట్లాడించండి. ముస్లిం జనాభా ఉన్న ఏ గ్రామంలో మందుల దుకాణం లేదో, ఏ దుకాణంలో ఫార్మసిస్టు లేడో లెక్క తీయండి. సర్కారు దవాఖానాలో మందుల కొరత ఉంటే సమాచార హక్కు కింద అడగండి. హక్కుల కోసం దరఖాస్తు రాయడం ఎలాగో మనకు బాగా తెలుసు. ఆ నేర్పును మందుల విషయంలో కూడా వినియోగిద్దాము.

రోగి చాచిన చేతిలో మనం పెట్టే ప్రతి మాత్ర ఒక అమానత్. దానికి మనం ఇక్కడ చట్టానికి, ఆ పైన సృష్టికర్తకు జవాబు చెప్పుకోవలసిన వారము. ఆ జవాబుదారీని గౌరవంగా మోయగల శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.

వస్సలాం.